మల్లు వాటా

ఆ ఎండాకాలం నాలుగు వారాల పాటు మా మేనత్త తన పిల్లుల్ని నా నోటితో చూసింది.

అత్తయ్యకు కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎడమకన్ను అంతకుముందు నుంచే ఆవిరి పట్టిన అద్దంలా ఉండేది. ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు, వంగకూడదు, ఏడవకూడదు అని కంటి డాక్టరు వేళ్ళు మడిచి చెప్పి, నల్లకళ్ళద్దాలు ఇచ్చి పంపాడు. ఏడవకూడదు అన్నప్పుడు మాత్రం అత్తయ్య నవ్వింది.

"నన్నెవరు ఏడిపిస్తారు నాయనా? నేనే నలుగురిని ఏడిపించే రకం" అంది.

మాది ఐసు ఫ్యాక్టరీ వెనక వరస ఇళ్ళలో చివరి ఇల్లు. నాన్న ఆ ఫ్యాక్టరీలోనే డబ్బాల్లోంచి ఐసు దిమ్మలు దించే పని చేస్తాడు. ఆయన అక్క మా అత్తయ్య. ఆ ఫ్యాక్టరీ వాళ్ళందరికీ ముప్పై ఏళ్ళు యూనిఫారాలు కుట్టింది. మా వంటింటి తలుపు తీస్తే రెండు మెట్లు, ఆ కింద పాత సామాను పడేసే పెరడు. తుప్పుపట్టిన డబ్బాలు, విరిగిన చక్రాలు, ఓ మూల పంపు గది. దాని చుట్టూ గోడ. పిల్లులు ఉండేది అక్కడే. అవి ఎవరూ పెంచుకున్నవి కావు. చెయ్యి చాపితే చాలు, అక్కడ పిల్లి అనేదే లేనట్టు మాయమైపోయేవి.

ఫ్యాక్టరీ మిషను పగలూ రాత్రీ హుమ్మంటూనే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్నాం కాబట్టి మాకది వినపడదు. కొత్తవాళ్ళెవరైనా వచ్చి "ఏంటండీ ఆ చప్పుడు?" అంటే, "ఏ చప్పుడు?" అని మేమే ఎదురు అడిగేవాళ్ళం.

మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఆహార పరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం. హోటళ్ళ నుంచీ దుకాణాల నుంచీ వచ్చిన నమూనాలు దించుకుని, ఒక్కోదాంట్లో థర్మామీటరు గుచ్చి చూస్తాను. చల్లగా రానిదాన్ని, దారిలో ఎక్కువసేపు బయట ఉన్నదాన్ని తీసుకోను. కాగితం మీద ఎర్రముద్ర కొట్టి తిప్పి పంపేస్తాను. తెచ్చినవాళ్ళు బతిమాలతారు, "ఒక్క అరగంటేగా మేడమ్" అంటారు. నేను కరగను. ముద్ర కొట్టడంలో నాకు ఆఫీసులో కాస్త పేరు కూడా ఉంది.

"ఏమే డిగ్రీ" అని పిలిచింది అత్తయ్య, ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం. నన్ను ఆవిడ అలాగే పిలుస్తుంది. "రేపటి నుంచి వాటికి నువ్వే పెట్టాలి."

"అదెంత పనిలే అత్తయ్యా. గిన్నెలో వేసి రావడమేగా."

"అదిగో, ఆ మాటకే నా గుండె జారిపోతోంది. పుస్తకం తెచ్చుకో. రాసుకుంటే గానీ నీకు ఎక్కదు."

తెచ్చుకున్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. సూర్యుడు గోడ ఎక్కకముందే పెట్టాలి. పంపు గది నీడ పక్కనే పెట్టాలి. స్టీలు గిన్నెలు వద్దు, ఎండ తగిలితే మూతులు కాలతాయి. మట్టి మూకుళ్ళు వాడాలి. నీళ్ళు తిండి పక్కన కాకుండా దూరంగా మూడు చోట్ల, వెడల్పాటి మట్టి తొట్లలో పోయాలి. నాన్న తెచ్చే ఐసు ముక్క ఒక్కో తొట్లో వేయాలి. ఉడికించిన చేప కొంచెమే పెట్టాలి, చాలకపోతే మళ్ళీ పెట్టాలి గానీ ఒకేసారి కుమ్మరించకూడదు.

"తిన్నంతసేపూ నిలబడు. మూతులు నాక్కున్నాక, మిగిలిన ముక్కతో సహా మూకుళ్ళు ఎత్తుకొచ్చెయ్. కింద నీళ్ళు కొట్టు."

"ఎంతసేపు నిలబడాలి?"

"నువ్వు జడ వేసుకున్నంతసేపు."

నేను 'పదిహేను నిమిషాలు' అని రాసుకున్నాను. ఎందుకు ఎత్తెయ్యాలో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. పక్కింటి వాళ్ళు ఈగలని గొడవ పడతారని కాబోలు అనుకున్నాను.

*

మొదటి రోజు తెల్లవారుజామున నేను పెరట్లోకి దిగేసరికి అక్కడ ఒక్క పిల్లీ లేదు. ఆకాశం ఉతికి ఆరేసిన నీలం చొక్కా రంగులో ఉంది. నేను మూకుళ్ళు పెట్టి వెనక్కి జరిగాను. రెప్ప వేసి తీసేసరికి, గోడ మీద మచ్చలనుకున్నవి కదిలాయి. చక్రాల నీడలనుకున్నవి తోకలు పైకెత్తాయి.

వంటింటి కిటికీకి అత్తయ్య మందపాటి తెర కట్టించుకుంది. ఆ వెనక నుంచి గొంతు వినపడింది. "ఎవరెవరొచ్చారు?"

అత్తయ్య వాటికి బట్టల పేర్లు పెట్టుకుంది. దుమ్మురంగుది ఖాకీ. పైన నలుపు, పొట్ట కింద తెలుపు ఉన్నది లైనింగు. బొచ్చు బరకగా ఉండే ముసలిది గోనె. ఒంటికన్ను గండుపిల్లి గుండీ.

"ఖాకీ వచ్చింది. లైనింగు గోడ దిగుతోంది. గుండీ అప్పుడే రెండో మూకుడులో తల పెట్టేశాడు."

"వాడికి ఒక కన్నే అయినా రెండు మూకుళ్ళు కనపడతాయి. గోనె?"

"తొట్టి దగ్గరుంది. ఐసు ముక్కని నాకుతోంది."

"నాకనీ. దానికి పళ్ళు లేవు, అదే దాని సుఖం." తర్వాత, "మల్లు?" అంది. ఆ పేరు మాత్రం ఆవిడ మెల్లగా పలికేది.

మల్లు అంటే చాలాసార్లు ఉతికి పల్చబడిన మల్లుబట్ట రంగులో ఉండే ఆడపిల్లి. దాన్ని చూస్తుంటే దాని వెనకున్న గోడ కూడా కనపడుతున్నట్టే ఉంటుంది. అప్పుడది పాలిచ్చే తల్లి. పిల్లల్ని ఎక్కడ దాచిందో ఎవరికీ తెలియదు. ఆ రోజు అందరూ తిని వెళ్ళాక గోడ మీద నుంచి దిగి, నా వైపు చూడకుండా తిని, నీళ్ళు తాగి, ఎండ వెలుగు రాగానే ఆ వెలుగులోకే కరిగిపోయింది.

చెప్పాను. తెర వెనక అత్తయ్య హాయిగా ఊపిరి వదిలింది.

అలా పొద్దున్నే నేను చూసిందంతా ఆవిడకి చెప్పడం అలవాటైంది. చెబుతుంటే నాకే కొత్తగా కనపడేవి. ఖాకీ నడుస్తుంటే దాని భుజాలు ఎలా లేచి పడతాయో, తొట్లో ఐసు కరిగేటప్పుడు లోపల చిన్న పగుళ్ళు ఎలా తెల్లగా మెరుస్తాయో. "ఇంకా?" అనేది అత్తయ్య. నేను ఇంకా చెప్పేదాన్ని. ఆఫీసుకి బస్సులో వెళుతున్నా కూడా నా కాళ్ళ చుట్టూ తోకలు తిరుగుతున్నట్టే ఉండేది.

ఆరో రోజు మల్లు రాలేదు.

జడ వేసుకున్నంతసేపు కాదు, రెండు జడలు వేసుకున్నంతసేపు నిలబడ్డాను. సూర్యుడు గోడ ఎక్కాడు. నా బస్సుకి వేళైంది. మూడు మూకుళ్ళు ఎత్తాను. నాలుగోదాంట్లో మల్లు వాటా చేప ఉంది. దాని మీద చెయ్యి వేసి ఆగిపోయాను.

మా ఇంట్లో రానివాళ్ళ వాటా తీసేయడం అనేది లేదు. నాన్నది షిఫ్టుల పని. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, దిమ్మలు ఎక్కువుంటే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఆయన వాటా కంచంలో పెట్టి, పైన ఇంకో కంచం బోర్లించి, అమ్మ వంటింటి గట్టు మీద ఉంచుతుంది. నేను కాలేజీకి వెళ్ళినన్నాళ్ళూ ఆ గట్టు మీద రెండు జతల కంచాలు ఉండేవి. బస్సు దిగి చెమటతో నడిచి వచ్చేసరికి ఆ బోర్లించిన కంచం కనపడితే, నన్ను ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుండేది. "కంచం ఎత్తేస్తే, నువ్వు రాకపోయినా పర్లేదు అన్నట్టే కదే" అనేది అమ్మ.

నేను లోపలికి వెళ్ళి స్టీలు కంచం తెచ్చాను. మల్లు వాటా మీద బోర్లించాను. మూతి పట్టేలా ఒక పక్క రాయి పెట్టి సందు ఉంచాను. పంపు గది నీడలోనే పెట్టాను. ఆ నీడ పొద్దున్నది. పది గంటలకల్లా అది గోడ అవతలికి వెళ్ళిపోతుందని నేను అనుకోలేదు. ఆ వేళకి నేను ఎప్పుడూ పెరట్లో లేను.

"మల్లు వచ్చిందా?" అడిగింది అత్తయ్య.

ఆవిడ గొంతులో ఏదో వణికింది. డాక్టరు వేళ్ళు మడుస్తూ ఏడవకూడదన్నది గుర్తొచ్చింది.

"వచ్చింది అత్తయ్యా. అందరికంటే ముందు వచ్చి గబగబా తినేసి పోయింది."

తెర అంచు కొంచెం కదిలింది.

"ముందా?" అంది అత్తయ్య. "సరే."

సాయంత్రం వచ్చి చూస్తే మూకుడు ఖాళీగా ఉంది. సంతోషపడ్డాను. అబద్ధం చెప్పింది నిజమైపోయినట్టే అనిపించింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పొద్దున మల్లు రాదు, నేను కంచం బోర్లిస్తాను, అత్తయ్యకి మల్లు కథ చెబుతాను, సాయంత్రానికి మూకుడు ఖాళీ. కథ రోజురోజుకీ అందంగా తయారైంది. మల్లు తోకతో మూకుడు చుట్టూ గుండ్రం గీసిందని ఒకరోజు, ఐసు ముక్కలో తన మొహం చూసుకుందని ఒకరోజు. అత్తయ్య "ఇంకా?" అనడం మానేసిందని నేను గమనించలేదు.

ఎండ మాత్రం ముదిరింది. నాన్న తెచ్చిన ఐసు తొట్టి దాకా వెళ్ళేసరికి సగమయ్యేది.

*

ఆదివారం. నాకు సెలవు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. ఎండకి గోడలు కూడా నిద్రపోతున్నట్టున్నాయి. నేల మీద తడిగుడ్డ పరుచుకుని పడుకున్నాను.

కల వచ్చింది. నేను ఫ్యాక్టరీలో దిమ్మల మధ్య నడుస్తున్నాను. చల్లటి తెల్లటి సందు, ఎంత నడిచినా అయిపోవడం లేదు. ఒక్కో దిమ్మ లోపల ఒక్కో జత కంచాలు, కంచం మీద కంచం. ఒక దిమ్మ ముందు ఆగాను. లోపల కంచం కింద నుంచి ఏదో వాసన వస్తోంది. ఐసులోంచి వాసన ఎలా వస్తుంది అనుకుంటున్నాను. ఆ వాసన నాకు బాగా తెలుసు. చేతిలో ఎర్రముద్ర ఉంది. ఎత్తాను. ముద్ర మీద నా పేరుంది.

మెలకువ వచ్చింది. వాసన పోలేదు.

పెరట్లోకి పరిగెత్తాను. మెట్ల మీద అడుగు పెట్టగానే అరికాళ్ళు చుర్రుమన్నాయి. పంపు గది ముందు నీడ లేదు. స్టీలు కంచం ఎండలో కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. దాన్ని తన్ని పక్కకి తోశాను. కింద చేప సగం తిని ఉంది. మిగతా సగం జిగురుజిగురుగా అయిపోయి, ఈగలు ముసిరి, పుల్లటి ఆవిరి కొడుతోంది. పెనం మీద మూత పెట్టినట్టు పెట్టాను నేను. ఆరు గంటలు. ల్యాబ్‌లో అరగంటకి కరగనిదాన్ని.

రెండడుగుల అవతల, పైపు కింద, మల్లు పక్కకి పడి ఉంది. నోరు తెరిచి రొప్పుతోంది. మూతి నిండా నురగ. కక్కుకున్న జాడలు. నేను దగ్గరికి వెళితే పారిపోలేదు. అది పారిపోకపోవడం చూసే నాకు భయం వేసింది.

అప్పుడే నాన్న డ్యూటీ దిగి పెరటి వైపు నుంచి వచ్చాడు. భుజాన గోనెసంచిలో ఐసు. చూశాడు. ఒక్క మాట అడగకుండా సంచి దించి, పెద్ద ముక్క తీసి మల్లు మీద పెట్టబోయాడు. నాన్నకి ప్రపంచంలో ఏ జబ్బుకైనా ఐసే మందు.

"ఒరేయ్, ఐసు పెట్టకు!" కిటికీ తెర వెనక నుంచి అరుపు. "ఉన్నపళాన అంత చలి తగిలితే చచ్చిపోతుంది. గుడ్డ తడిపి పాదాలకి అద్దు, పొట్ట కింద అద్దు. నీడకి లాగండి ముందు."

"నీకెలా తెలిసింది అక్కా?" అన్నాడు నాన్న.

"కళ్ళు పోతే పోయాయి గానీ ముక్కూ చెవులూ ఉన్నాయిరా. నువ్వు సంచి దించిన చప్పుడు వినపడింది."

నా తుండుగుడ్డ తొట్లో ముంచి మల్లు పాదాలకి అద్దుతూ, కిటికీ వైపు తిరగకుండానే అన్నాను. "అత్తయ్యా, నేను చెప్పినవన్నీ..."

"తెలుసు. మల్లు ఏనాడూ ముందు తినదు. అందరూ అయ్యాకే దిగుతుంది. నువ్వు 'ముందు వచ్చింది' అన్నరోజే తెలిసింది."

"మరి అడగలేదేం?"

"దాన్ని వెతుక్కుంటున్నావేమో, దొరికాక చెబుతావులే అనుకున్నా. ముందు తీసుకెళ్ళు దాన్ని. తర్వాత తీరిగ్గా తిట్టుకుందాం."

*

జంతువుల డాక్టరమ్మ సెలవు రోజైనా తలుపు తీసింది. నాన్న మల్లుని చేపల బుట్టలో తడిసంచి పరిచి తెచ్చాడు. ఆవిడ దాని చిగుళ్ళు చూసింది, మెడ మీద చర్మం పట్టి వదిలి చూసింది.

"ఏం తింది?"

"ఉడికించిన చేప."

"ఎంతసేపు బయటుంది?"

"పొద్దున ఆరింటి నుంచి."

"ఈ ఎండలోనా? ఎవరు పెట్టారు?"

"నేనే."

"చదువుకున్నట్టున్నావు. ఏం పని చేస్తావమ్మా?"

"ఆహార పరీక్షల ల్యాబ్‌లో" అన్నాను.

డాక్టరమ్మ తల ఎత్తి నన్ను చూసింది. ఏమన్నా అని ఉంటే బాగుండేది. ఏమీ అనకుండా సూది ఎక్కించి సీసా వేలాడదీసింది. నాన్న నా పక్కకి జరిగి నిలబడ్డాడు. ఆయన చేతులు ఎప్పటిలా చల్లగా ఉన్నాయి.

"రేపటిదాకా ఇక్కడే ఉండాలి. బతకొచ్చు" అంది ఆవిడ. తర్వాత మల్లు పొట్ట తడిమి చూసి, "పాలున్నాయే. పిల్లలేవి?" అంది.

ఎక్కడ దాచిందో తెలియదన్నాను.

"పాలు లేకుండా, ఈ వేడికి, అవి సాయంత్రం దాకా ఆగవు. ఎక్కడున్నా వెతికి తీసుకురండి. డబ్బాపాలు నేను పడతాను."

పెరట్లో వెతకడం అంటే గడ్డివాములో సూది వెతకడం లాంటిది. ఆ సామాను ఒక్కోటి ఎత్తి చూస్తే సాయంత్రం దాటుతుంది. నేను చక్రాల కింద, పైపుల్లో దూరి చూస్తున్నాను. అమ్మ చీపురు పట్టుకుని గోడ వారగా వెతుకుతోంది. అత్తయ్య కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది.

"అరుస్తూ ఉంటాయే" అంది. "ఆకలితో ఉన్న పిల్లలు అరవకుండా ఉండవు. వినపడాలి. ఏదో అడ్డొస్తోంది నాకు, చెవుల్లో దూది పెట్టినట్టు." ఆగింది. "ఒరేయ్, ఆ మిషను ఆపించరా."

నాన్న నిలబడిపోయాడు. మిషను గదిలో ఉండే పెద్దాయన అంటే ఫ్యాక్టరీలో అందరికీ హడలే. ఇరవై రెండేళ్ళలో నాన్న ఆయన్ని సెలవు కూడా నోరు తెరిచి అడగలేదు. చీటీ రాసి బల్ల మీద పెట్టి వచ్చేవాడు.

"పిల్లిపిల్లల కోసమని చెప్పనా అక్కా?"

"నీ అక్క కోసమని చెప్పు. ఆయన నిక్కర్లు నేనే కుట్టానని గుర్తుచెయ్."

నాన్న వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఆ సాయంత్రం చెప్పాడు. "పిల్లి కోసం మిషను ఆపమంటావా? నీకు ఎండ దెబ్బ తగిలిందా?" అన్నాడట పెద్దాయన. నాన్న అక్కడే నిలబడ్డాడట, చేతులు కట్టుకుని. చివరికి "మూడు నిమిషాలు. నాలుగో నిమిషానికి నా దిమ్మలకి చెమటలు పడతాయి" అన్నాడట.

మాకు మాత్రం తెలిసింది ఇదే. హుమ్మనేది ఆగిపోయింది.

పుట్టి బుద్ధెరిగాక అలాంటిది నేను వినలేదు. ఆకాశం ఒక్కసారిగా పైకి జరిగినట్టయింది. తొట్లో ఐసు చిట్లిన చప్పుడు వినపడింది. అమ్మ గాజులు వినపడ్డాయి. వరసలో జనం ఒక్కొక్కరే తలుపులు తీసి, చెవులు పోయాయేమో అన్నట్టు తలలు తడుముకుంటూ బయటికి వచ్చారు. "ఏమైంది?" అన్నారెవరో, గుసగుసగా.

"నోళ్ళు మూయండి" అంది అత్తయ్య, ఇంకా చిన్న గొంతుతో. కళ్ళద్దాల వెనక కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు అలాగే వంచేది.

"ఎడమకి నడు. మెల్లగా. ఇంకా. ఆగు. వెనక్కి ఒక్క అడుగు. ఇప్పుడు చెప్పు, నీ ముందేముంది?"

"పాత ఐసు డబ్బాలు. ఒకదాని మీద ఒకటి."

"కింద వరస. చివరిది."

వంగాను. తుప్పు రేకు నుంచి వేడి మొహాన కొట్టింది. లోపల చిరిగిన గోనెపట్టా. దాని మడతలో పిడికెడంత పిల్లలు రెండు, కళ్ళు సగం తెరిచి, నోళ్ళు పూర్తిగా తెరిచి. తీసి అమ్మ కొంగులో వేశాను.

"దొరికాయి అత్తయ్యా. రెండు!"

"ఇంకోటుంది."

"లేదు. రెండే అరుస్తున్నాయి."

"అరవట్లేదు కాబట్టే చెబుతున్నా. ఒకటి అరుస్తుంది, రెండోది అరుస్తుంది, తర్వాత కాస్త సందు. మళ్ళీ ఒకటి, రెండు, సందు. ఆ సందు మూడోదాని వంతే. దానికోసం ఆగుతున్నాయవి. చెయ్యి పెట్టు."

భుజం దాకా చెయ్యి పెట్టాను. రేకు మోచేతిని కాల్చింది. అట్టడుగున, మూలకి, వేళ్ళకి ఏదో మెత్తగా తగిలింది. కదలడం లేదు. బయటికి తీశాను. మల్లు రంగే. అరచేతిలో గుడ్డపీలికలా పడుంది. తడిగుడ్డ అంచు దాని పెదాలకి ఆనించాను. ఒక్క చుక్క. ఆగాను. ఇంకో చుక్క.

మిషను మళ్ళీ హుమ్మంది. ఆ చప్పుడు మొదలైన క్షణంలోనే అరచేతిలో ఏదో వణికింది. చప్పుడుకి నా చెయ్యే వణికిందో, అది ఊపిరి తీసిందో తెలియలేదు. నాన్న దగ్గరగా వంగి చూశాడు.

"నాలుక" అన్నాడు.

*

డాక్టరమ్మ పట్టిన డబ్బాపాలతో మూడూ బతికాయి. మల్లు కూడా బతికింది. మర్నాడు సాయంత్రం డాక్టరమ్మ దాన్ని బుట్టలో పెట్టి ఇస్తూ, పిల్లలు కాస్త ఎదిగాక అన్నిటినీ తీసుకురమ్మంది, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తానంది. చివరికి ల్యాబ్‌లో నేనేం చేస్తానో అడిగి తెలుసుకుని, నాతో ఒక్క మాటే అంది. "ముద్ర ఇంటికి కూడా తెచ్చుకో."

తీరిగ్గా తిట్టుకుందాం అన్న అత్తయ్య తిట్టలేదు. ఆ రోజు నేను పక్కన కూర్చుంటే చాలాసేపు నా మోచేతి మీద కాలిన చోట వేలితో మందు రాస్తూ ఉండిపోయింది.

"నేను ఏడుస్తానని భయపడ్డావా?"

"డాక్టరు వద్దన్నాడు కదా."

"ఏడవొద్దన్నాడు. వినొద్దన్నాడా?" అంది. తర్వాత, "నాదీ తప్పుంది. ఎత్తెయ్ అన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. ఆ కంచం మీద కంచం బోర్లించే ఇంట్లోనే పుట్టాను నేనూ. నువ్వేం చేస్తావో నాకు తట్టి ఉండాల్సింది."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "అయితే ఏం చేద్దాం వదినా? అది రాలేదని దాని వాటా తీసేద్దామా?" అంది. ఆమెకి ఆ మాట మింగుడు పడటం లేదు.

"తీసెయ్యొద్దమ్మా" అన్నాను. "లోపల పెడదాం. చల్లగా. అది వచ్చినప్పుడు మనం లేచి ఇద్దాం."

అమ్మ ఆలోచించింది. "అంటే కంచానికి బదులు మనం కాపలా ఉండాలన్నమాట."

"అంతే."

"చేపకంటే మనమే నయంలే, చెడిపోం" అంది అత్తయ్య.

ఫ్రిజ్‌లో కింది అరలో మూతడబ్బా ఒకటి మల్లుది అయింది. దాని పక్కనే మర్నాటి నుంచి అమ్మ నాన్న వాటా కూడా పెట్టడం మొదలుపెట్టింది. నేనేమీ చెప్పలేదు. నాన్న వచ్చిన అలికిడి కాగానే లేచి వెచ్చబెడుతుంది. గట్టు ఖాళీగా ఉండటం మొదట్లో నాకు వెలితిగా ఉండేది. కానీ ఇప్పుడు నాన్న తలుపు తీసేసరికి ఎవరో ఒకరు లేచి నిలబడి ఉంటారు.

నాలుగు వారాలు నిండిన మర్నాడు అత్తయ్య మొదటిసారి పెరటి మెట్ల మీదకి వచ్చి కూర్చుంది. సూర్యుడింకా రాలేదు. నేను మూకుళ్ళు పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాను. ఆవిడ కుడికన్ను పెద్దగా చేసుకుని, కొత్త బట్ట నేత చూసినట్టు ఒక్కోదాన్నీ చూస్తోంది. అయినా అలవాటుగా అడిగింది.

"ఎవరెవరొచ్చారు?"

"ఖాకీ. లైనింగు. గుండీ రెండు మూకుళ్ళ దగ్గరా ఉన్నాడు. గోనె ఐసు దగ్గరుంది."

"మల్లు?"

"రాలేదు అత్తయ్యా."

ఆవిడ తల ఊపింది. అవి మూతులు నాక్కున్నాయి. నేను లేచి నాలుగు మూకుళ్ళూ ఎత్తాను, మిగిలిన ముక్కతో సహా. నేల మీద నీళ్ళు కొట్టాను. తొట్లు మూడూ నింపి ఐసు వేశాను. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఎండ గోడ పైకి ఎక్కి, పల్చగా, ఉతికిన బట్టలా పరుచుకుంటోంది.

ఆ అంచు మీద ఏదో కదిలింది.

"అదేంటే?" అంది అత్తయ్య.

పిల్లో ఎండో నాకూ తెలియలేదు. "తెలియదు అత్తయ్యా" అని, డబ్బా తేవడానికి లేచి లోపలికి నడిచాను.